పెట్టెలోంచి తీసిన టైర్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మంచి వస్తువన్నదానికి ఒకటే చోటు, నాన్న మంచం కింద ఉండే అట్టపెట్టె. కొత్త సబ్బులు, టార్చిలైటు, మెత్తటి దుప్పటి, పాలపొడి డబ్బా, ఏది కొన్నా ముందు అందులోకే వెళ్ళేది. అది ఊరికి తీసుకెళ్ళే పెట్టె. మేము మాత్రం అరిగిన సబ్బుముక్కలు ఒకదానికొకటి అంటించుకుని స్నానాలు చేసేవాళ్ళం. బహ్రెయిన్‌లో మాకు తెలిసిన వాళ్ళందరిదీ ఇదే వరస కాబట్టి నాకది వింతగా అనిపించేది కాదు. పెట్టెలోకి వెళ్ళింది మళ్ళీ బయటికి రాదన్న సంగతి నాకు ఎక్కాలకంటే ముందే వచ్చు.

ఇది తొంభైల నాటి మాట. అమ్మ ఈసా టౌన్‌లో ఒకరింట్లో పనిచేసేది. ఆ ఇంటివాళ్ళు పెరట్లో ఇచ్చిన ఒంటి గదిలో మా ముగ్గురి కాపురం. నాన్న సల్మానియాలో ఆస్పత్రి బట్టలు ఉతికే చోట పనిచేసేవాడు. తెల్లవారుజామున ఐదింటికల్లా డ్యూటీలో ఉండాలి. ఆ వేళకు బస్సు దొరకదు గనక ఏ కాలమైనా సైకిలే.

ఎండాకాలం చెమటలు కక్కుకుంటూ ఎలాగో వెళ్ళొచ్చేవాడు. పేచీ అంతా చలికాలంతోనే. అక్కడ నెలల తరబడి వాన చుక్క పడదు. బళ్ళ నుంచి కారిన నూనె, ఎక్కణ్ణుంచో ఎగిరొచ్చిన ఇసుక తారు రోడ్డు మీద పేరుకుపోతాయి. తొలివాన పడిందంటే అవి రెండూ కలిసి రోడ్డుకి సబ్బు రాసినట్టే. అంతకుముందు ఏడాది అలాంటి వానలోనే నాన్న మలుపు తిరుగుతూ సైకిలుతో సహా పడ్డాడు. మోచెయ్యి చిట్లిందని మాత్రమే ఇంట్లో చెప్పాడు. వెనకాల వస్తున్న లారీ ఆఖరి క్షణంలో ఆగిందన్న మాట అమ్మకి ఇంకెవరో చెప్పారు. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, అమ్మకి అన్నం సయించేది కాదు.

ఆ సైకిలు టైర్లు ఎండకి ఎండి నిలువునా పగుళ్ళిచ్చాయి. విచిత్రం ఏమిటంటే మంచం కింద పెట్టెలో ఒక కొత్త జత టైర్లు ఉన్నాయి. నున్నగా, పైన సన్నటి గీతలతో, చూడముచ్చటగా ఉండేవి. ఊళ్ళో బాబాయి కాలవ గట్టు మీద పొలానికి సైకిలు తొక్కుకుంటూ వెళ్తాడని నాన్న ఆయన కోసం కొని దాచాడు. ఆ ఏడు చలి మొదలయ్యేసరికి అమ్మ రోజూ అదే పోరు.

"ఆ టైర్లు తీసి వేసుకోండి. మీకేదన్నా అయితే ఆ పెట్టె ఎవరికని మోసుకెళ్తాం?"

"తమ్ముడికని పెట్టాక మళ్ళీ తియ్యడమేంటే?" అని నాన్న మాట తప్పించేసేవాడు. మా నాన్న ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. అలాంటి వాళ్ళ మొండితనం ఎంత గట్టిదో ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది.

అక్కడ శుక్రవారం సెలవు. మా ఇంటికి శుక్రవారం శుక్రవారం ఒకాయన వచ్చేవాడు. నిజామాబాద్ దగ్గరి పల్లె ఆయనది. సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో లారీలకు టైర్లు మార్చే పని. బాబాయి అని పిలవబోతే ఒప్పుకోలేదు. మా దిక్కు కాకా అంటరు బిడ్డా, అన్నాడు. అలా ఆయన నాకు సల్మాబాద్ కాకా అయ్యాడు. అమ్మ పెట్టే చేపల పులుసు కోసం వస్తానని చెప్పేవాడుగానీ, నాలో ఊళ్ళో ఉన్న తన కూతుర్ని చూసుకోవడానికి వచ్చేవాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ అమ్మాయి నాకంటే రెండేళ్ళు పెద్ద. పక్క ఊళ్ళో ఉన్న హైస్కూలుకి మట్టిరోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేది.

ఆ డిసెంబరులోనే నాన్నా నేనూ సల్మాబాద్‌లో కాకా ఉండే పనివాళ్ళ క్యాంపుకి వెళ్ళాం. ఊరికి వెళ్తున్న ఒకాయనతో పంపడానికి కాకా కూడా పెట్టె సర్దుకుంటున్నాడు. అందులో పైన లావు లావు బుడిపెలున్న టైర్లు రెండు. కూతురి సైకిలుకని మురిసిపోతూ చూపించాడు. తెల్ల ప్లాస్టరు ముక్కలు రెండు చింపి, వాటిమీద ఆ అమ్మాయి పేరు నాచేత రాయించి, టైరుకొకటి అంటించాడు. నేను నాలుక కరుచుకుని మరీ గుండ్రంగా రాశాను. నాన్న పెట్టె అదిమి పట్టుకుంటే కాకా తాడు కట్టాడు.

రెండు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం పొద్దున్నే ఆకాశం బూడిద రంగులో ఉంది. చలిగాలి. కాకా ఒక గోనెసంచి భుజాన వేసుకుని వచ్చి, అందులోంచి బుడిపెల టైర్లు రెండు తీసి పెరట్లో పడేశాడు.

"మా గ్యారేజీల ఊకెనే పడున్నయ్ అన్నా, తెచ్చిన," అన్నాడు.

నాన్న ముఖం వెలిగింది. బుడిపెలున్న టైరైతే గట్టిగా పట్టుకుంటుందని, ఇవి తన సైకిలుకి వేసుకుంటానని లేచాడు. నాకూ అదే సబబుగా తోచింది. కాకా మాత్రం నవ్వి, పెట్టెలోవి కూడా ఓసారి పట్రమ్మని నాతో అన్నాడు. చూడ్డానికేలే అన్నాడు కాబట్టి నాన్న అడ్డు చెప్పలేదు.

కాకా ముందు పాత టైరు మీద నాచేత బొటనవేలి గోరు నొక్కించాడు. రాయిని నొక్కినట్టే ఉంది, గుర్తు పడలేదు. కొత్తదాని మీద గోరు ముద్ర చక్కగా పడి, మెల్లగా మాయమైంది. "గీ పాతదాని పానం ఎప్పుడో పోయింది బిడ్డా, గిది రోడ్డును ఇంక పట్టదు," అన్నాడు. తరవాత కొత్త జతలు రెండూ బకెట్లో ముంచి, పొడిగా ఉన్న సిమెంటు గచ్చు మీద అరచేతులతో గట్టిగా అదిమాడు. బుడిపెల టైరు విడివిడిగా చుక్కలు వేసింది. నున్నటి టైరు వెడల్పాటి పట్టీలా అంతా అంటుకుంది.

"ఏది నేలను బాగ ముట్టింది, నువ్వే చెప్పు," అన్నాడు నాతో. నున్నటిదే అన్నాను. తడిసిన తారు మీద రబ్బరు ఎంత ఆనితే అంత పట్టు అని చెప్పాడు. వాన రోజున గాలి కూడా కొంచెం తగ్గించి వేసుకోవాలన్నాడు. అంతటితో ఆగక అమ్మ అప్పుడే నీళ్ళు పెట్టిన కొత్తిమీర మడిలో రెండు టైర్లూ నొక్కి లాగాడు. నున్నటిది జర్రున జారింది. బుడిపెలది మట్టిని కరుచుకుంది. అమ్మ కొత్తిమీర పోయిందని లబలబలాడింది.

"సూడన్నా, నీ తమ్ముడు తొక్కేది కాల్వ కట్ట మీద. బురదల ఇవి జారుతయి, ఆయనకు బుడిపెలయి పంపు. నువ్వు తొక్కేది డాంబరు రోడ్డు, నున్నటియి నువ్వు ఉంచుకో. గంతే."

నాన్న ఇటు గచ్చు మీది తడి గుర్తుల్నీ, అటు పాడైన మడినీ మార్చి మార్చి చూశాడు. తమ్ముడికి అన్యాయం జరగని దారి దొరికింది గనక ఆయన మొండితనానికి ఇక పట్టు లేకపోయింది. సరే అన్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు చూశాను నేను. కాకా బుడిపెల టైర్లు చుట్ట చుడుతుంటే ఒకదాని లోపలివైపు తెల్ల ప్లాస్టరు ముక్క కనబడింది. దాని మీద నా గుండ్రటి అక్షరాలు. అవి గ్యారేజీలో పడున్నవి కావు. కట్టిన పెట్టె విప్పి, కూతురి టైర్లు బయటికి తీసి పట్టుకొచ్చాడు. నా నోరు సగం తెరుచుకుంది. కాకా నావైపు చూసి, దాని మీద అరచెయ్యి మూశాడు.

"బిడ్డా, గొంతెండుతుంది, కొన్ని మంచినీళ్ళు తే," అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చేసరికి ఆ ముక్క లేదు. ఆ సంగతి నేను అమ్మకి కూడా చెప్పలేదు. పదేళ్ళ పిల్లకి అదెంత బరువో, మోసినవాళ్ళకే తెలుస్తుంది.

మూడో రోజున వాన పడింది. నాన్న డ్యూటీకి వెళ్ళాక మొదలై, మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చే వేళకి రోడ్లన్నీ మడుగులయ్యాయి. అమ్మ పని వదిలేసి గేటు దగ్గర నిలబడింది. నేను బడి నుంచి తడిసి వచ్చి ఆమె పక్కనే నిలుచున్నాను. నాన్న ఆలస్యంగా, నెమ్మదిగా తొక్కుకుంటూ వచ్చాడు. మలుపు తిరిగి, దిగి, మా గది ముందున్న రేకు నీడలోకి సైకిలు నడిపించాడు. పొడి గచ్చు మీద గుమ్మం దాకా ఒకే తడి పట్టీ, ఎక్కడా తెగలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాతి వేసవిలో ఊరికి బయలుదేరాం. బొంబాయిలో రైలెక్కాక నాన్న నేరుగా మా ఊరికి తీసుకెళ్ళకుండా నిజామాబాద్‌లో దింపేశాడు. అక్కణ్ణుంచి బస్సులో కాకా వాళ్ళ పల్లె. వాళ్ళ వాకిట్లో పెట్టె విప్పి బుడిపెల టైర్లు తీశాడు. "వచ్చే ఏడు తెస్తనని నాయిన కార్డు రాసిండే," అంది ఆ అమ్మాయి ఆశ్చర్యపోతూ. మీ నాన్నే పంపాడమ్మా, అని చెప్పి నాన్న తనే కూర్చుని ఆమె సైకిలుకి వాటిని ఎక్కించాడు. ఆ అమ్మాయి గతుకుల దారిలో చెరువు మలుపు దాకా తొక్కి వచ్చింది.

తిరుగు బస్సులో, అవి ఆ అమ్మాయి టైర్లని నీకెలా తెలుసు నాన్నా అని అడిగాను.

"నీ రాత నేనెరగనా? ఆయన టైర్లు చుట్ట చుడుతున్నప్పుడే చూశాను."

మరి అప్పుడే వద్దనలేదేం అన్నాను. "ఇవ్వాలని చాచిన చెయ్యి తోసేస్తే, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడే పాపం," అన్నాడు. బాబాయికి ఆ ఏడు టార్చిలైటుతోనే సరిపెట్టాం. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు నా తల నెరిసింది. మా ఇంట్లో మంచం కింద ఏ పెట్టే లేదు, కొన్న దుప్పటి ఆ రోజే కప్పుకుంటాం. సైకిళ్ళ కొట్టు కనబడితే ఆగి టైరు మీద గోరు నొక్కి చూసే అలవాటు మాత్రం పోలేదు. ఎవరైనా ఏదైనా చేతిలో పెట్టి, ఊరికే పడుంటే తెచ్చానండీ అన్నప్పుడు, వాళ్ళ అరచేతి కింద ఏముందోనని ఒక్క క్షణం చూస్తాను. చూసి, ఏమీ అనకుండా మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్తాను.