ఆవకాయ సీసాలో అతిథి

డిగ్రీ చేతికొచ్చిన ఆ కొత్త రోజుల్లో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. నాదేమో జువాలజీ, పైగా ఫోటో తీస్తే పురుగు పేరు చెప్పే యాప్ ఒకటి ఫోన్లో ఉండేది. అందుకని మండపేటలో మా మేనత్త వాళ్ళ వీధిలో ఏ మొక్క మీద ఏ పురుగు కనబడ్డా నాకే కబురొచ్చేది. (ఉద్యోగం కబురు మాత్రం రాలేదు.)

ఒకరోజు అత్తయ్య కుండీలోని నిమ్మమొక్క మీద కాకిరెట్ట లాంటిది కనబడింది. తుడవబోతే కదిలింది. గింజ నాటి బిడ్డలా సాకిన మొక్క కదా, మందు కొట్టమంటుందనుకున్నాను. అత్తయ్య దాన్ని ఆకుతో సహా ఖాళీ ఆవకాయ సీసాలోకి దించి, మూతికి గుడ్డ కట్టింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు కంచం పెట్టి, తర్వాతే ఊరూ పేరూ అడిగే మనిషావిడ. పురుగులకీ అదే మర్యాద. "ఏం తింటుందో చూడరా, ఎవరో అదే తెలుస్తుంది" అంది. నేను ఆగలేక ఫోన్ చూసి, "సీతాకోకచిలుక అత్తయ్యా. రంగురంగులది వస్తుంది, పూచీ నాది" అనేశాను.

ఆ మాట నమ్మి మోకాలెత్తు మొక్కనంతా దూసి దానికి పెట్టేసింది. అతిథి ఆకుపచ్చగా లావెక్కిందే తప్ప ఆకలి తీరలేదు. ఇక నన్ను ఇంటింటికీ తోలింది.

"నాలుగు నిమ్మాకులు ఇస్తారాండి?"

"మజ్జిగలోకా బాబూ?"

"కాదండి, పురుగుకి."

"మీ అత్తయ్యగారి పురుగుకా? అయితే లేతవి కోసుకెళ్ళు."

చివరికది తిండి మానేసి, పుల్లకి అంటుకుని గూడు కట్టుకుంది. ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చినవాళ్ళంతా సీసా చుట్టూ మూగి చూస్తుండగా గూటికి చిల్లు పడింది. అందులోంచి సన్ననడుము కందిరీగ ఒకటి తీరిగ్గా బయటికొచ్చింది.

"రంగురంగులదన్నావు కదా బాబూ" అన్నారు పాస్టరమ్మగారు మెల్లిగా.

నాకు తల కొట్టేసినట్టయింది. కుండీలో మిగిలిన పుల్లల్ని చూస్తే ఏడుపొచ్చింది. ఆ కందిరీగ గొంగళిపురుగు ఒంట్లోనే గుడ్డుగా చేరి, లోపల్నుంచే దాన్ని తిని పెరిగిందని తర్వాత చదివి తెలుసుకున్నాను. చెబితే అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "అతిథి కడుపులో ఇంకో అతిథిని కూడా మేపామన్నమాట. మొక్క చిగురిస్తుందిలేరా, వీడేం తింటాడో కనుక్కో ముందు" అంది. ఆ క్షణాన ఆవిడ మీద కలిగిన గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మొక్క నిజంగానే చిగురించింది, కాసింది కూడా. ఏటా ఆ నిమ్మకాయ పచ్చడి ఆ సీసాలోనే నాకు వస్తుంది. పూచీలిచ్చే ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, పచ్చడి అయిపోయాక సీసా కడిగి, అత్తయ్యకి తిరిగి పంపేదాకా కిటికీలో బోర్లిస్తాను. ఎవరొస్తారో తెలియదు కదా.