దుర్గ రాయనన్న పేజీలు

2022లో, ఇప్పటిలాగే, నేను ధవళేశ్వరం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ టీచర్‌ని. అదే బడిలో గైడ్ కెప్టెన్‌ని కూడా. స్కౌటింగులో మగపిల్లల దళాన్ని నడిపేవారిని స్కౌట్ మాస్టర్ అంటారు, ఆడపిల్లల దళాన్ని నడిపేవారిని గైడ్ కెప్టెన్ అంటారు. ఇది స్వచ్ఛందంగా చేసే పని. శనివారం సాయంత్రం బడి వదిలాక స్కార్ఫ్ కట్టుకుని, మెడలో విజిల్ వేసుకుని గ్రౌండులోకి దిగాలి. తాళ్ళతో ముళ్ళు వెయ్యడం, దెబ్బలకి కట్లు కట్టడం, మూడు ఇటుకల మీద అన్నం వండటం నేర్పాలి. "ఉన్న ఉద్యోగం చాలక ఇదొకటా?" అని మా ఆయన దెప్పేవారు. నాకు మాత్రం వారమంతటిలోకీ ఆ రెండు గంటలే హాయి.

నాకు నోరెక్కువని మా బడిలో అటెండరు దగ్గర నుంచి హెడ్మాస్టరు గారి దాకా అందరికీ తెలుసు. పిల్లల్ని తిడతాను, మళ్ళీ నేనే దగ్గరికి తీసి తల నిమురుతాను. పదేళ్ళలో మా దళం నుంచి ఎంతమంది రాష్ట్ర అవార్డు పరీక్షకి వెళ్తే అంతమందీ పాసయ్యారు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

ఆ పరీక్షని టెస్టింగ్ క్యాంప్ అంటారు. చుట్టుపక్కల దళాలన్నీ ఒకచోట చేరి, నాలుగైదు రోజులు గుడారాల్లో ఉండి, నేర్చుకున్నవన్నీ ఎగ్జామినర్ల ముందు చేసి చూపించాలి. చివరి రోజు లాగ్ బుక్ చూస్తారు. అది గైడ్ తన చేత్తో రోజూ రాసుకోవాల్సిన పుస్తకం. ఈ రోజు ఏ మంచి పని చేశాను, ఎక్కడికి సేవకి వెళ్ళాను అని పిల్ల రాస్తే, కింద కెప్టెన్ సంతకం పెట్టాలి.

ఇక్కడ మా గుట్టు ఒకటి విప్పక తప్పదు. ఏ పిల్లా ఏడాది పొడుగునా లాగ్ బుక్ రాయదు. పది రోజులు ఉత్సాహంగా రాస్తారు, తర్వాత అటకెక్కిస్తారు. మేం అనుకున్న సేవా కార్యక్రమాల్లో సగం అనుకోవడంతోనే ఆగిపోతాయి. అందుకని క్యాంపుకి వారం ముందు పిల్లలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, కొత్త పుస్తకాలిచ్చి, ఏడాది మొత్తానికీ తేదీలు వేయించి, స్కెచ్ పెన్నులతో అంచులు గీయించి మళ్ళీ రాయిస్తాం. దీన్ని అబద్ధమని మేమెవరమూ అనుకోలేదు. మా భాషలో దాని పేరు 'ఫెయిర్ చేయించడం'.

ఆ ఏడాది మా దళం నుంచి ఎనిమిది మంది బయల్దేరారు. వాళ్ళలో దుర్గ ఒకతె, పదో తరగతి. వాళ్ళ నాన్న కాలువ మీద లస్కరు, అంటే ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చినప్పుడు షట్టర్లు ఎత్తి దించే మనిషి. వాళ్ళమ్మ సత్యవతి కడియం నర్సరీల్లో మొక్కల సంచుల్లో మట్టి నింపే పనికి వెళ్ళేది. ఒకసారి "ఏం చదువుతావే?" అని దుర్గనడిగాను.

"పాలిటెక్నిక్‌లో సివిల్ అండి. జీపులో వచ్చి, షట్టరు ఎన్ని అడుగులు ఎత్తాలో మా నాన్నకి చెప్పే ఇంజనీరు గారు ఉంటారు కదండి. అలా అవ్వాలండి."

"అయితే మీ నాన్నకి నువ్వే ఆర్డర్లు వేస్తావన్నమాట!"

"ఇప్పుడు మా అమ్మ వేస్తంది కదండి," అంది నవ్వుతూ.

దుర్గకి మార్కులు మధ్యరకం. రాష్ట్ర అవార్డు ఉన్న పిల్లలకి పాలిటెక్నిక్‌లో కొన్ని సీట్లు విడిగా ఉంటాయి. కాకినాడ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు దొరకాలంటే దుర్గకి ఆ సర్టిఫికెట్టే దారి. ఆ మాట వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళమ్మానాన్నలకి చెప్పింది నేనే. ఆడపిల్లని కాకినాడ హాస్టల్లో పెట్టడానికి వాళ్ళని ఒప్పించిందీ నేనే.

ఫెయిర్ చేయించే ముందు పాత లాగ్ బుక్కులు తెమ్మన్నాను. ఏడుగురివి సగం ఖాళీ. దుర్గది మాత్రం ఆఖరి పేజీ దాకా నిండి ఉంది. 'ఈ రోజు లాకుల దగ్గర ఒక ముసలాయన సైకిలు గట్టు ఎక్కించలేకపోతే వెనక నుంచి తోశాను.' 'ఈ రోజు అక్క బిడ్డని ఎత్తుకున్నాను. ఇది మంచి పని కిందకి వస్తుందో రాదో మేడం గారిని అడగాలి.' 'ఈ రోజు ఏ మంచి పనీ చెయ్యలేదు.' 'ఈ రోజు కూడా లేదు.' వరసగా నాలుగు రోజులు 'లేదు' అనే ఉంది. అది స్టాఫ్ రూములో పైకి చదివి అందరితో కలిసి నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తర్వాత బోర్డు మీద నేను రాస్తుంటే ఎనిమిది మందీ చూసి రాసుకోవడం మొదలైంది. సేవ అనే శీర్షిక కింద 'వృద్ధాశ్రమానికి వెళ్ళి అవ్వలకి తలలు దువ్వాము, గదులు శుభ్రం చేశాము, పళ్ళు పంచాము' అని రాశాను. నిజానికి ఆ వర్షాకాలంలో రాజమండ్రిలో ఒక వృద్ధాశ్రమానికి వెళ్దామని వ్యాను కూడా మాట్లాడాను. ఇంతలో గోదావరికి వరద హెచ్చరిక పెట్టారు, ప్రయాణం ఆగింది. మళ్ళీ దాని ఊసే ఎత్తలేదు.

వెనక్కి తిరిగి చూస్తే దుర్గ పెన్ను పక్కన పెట్టి కూర్చుంది.

"ఏంటమ్మా, పెన్ను రాయట్లేదా?"

"మనం వెళ్ళలేదు కదండి మేడం."

"వెళ్దామనుకున్నాం కదా. వరద రాకపోతే వెళ్ళేవాళ్ళమే."

"అయితే వెళ్దామనుకున్నామని రాయనాండి?"

పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీతిమంతురాలివి నువ్వొక్కదానివే దొరికావే నా ప్రాణానికి! రాస్తే రాయి, లేకపోతే క్యాంపుకి రాకు. కాకినాడ సంగతి మీ నాన్నకి నువ్వే చెప్పుకో," అన్నాను.

దుర్గ పెన్ను చేతిలోకి తీసుకుంది. "ఎవరైనా అడిగితే ఏం చెప్పాలండి?" అంది మెల్లగా.

"ఎవరూ అడగరు. పదేళ్ళలో ఒక్కళ్ళూ అడగలేదు."

దుర్గ రాసింది. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది ఆ పిల్లది. కింద నేను సంతకం పెట్టాను.

డిసెంబరులో సామర్లకోటలో క్యాంపు. మూడు రోజులూ దుర్గ అదరగొట్టేసింది. రెండు కర్రలు, ఒక దుప్పటితో స్ట్రెచర్ కట్టి, పక్క దళం పిల్లని దాని మీద పడుకోబెట్టి గ్రౌండు చుట్టూ మోయించింది. మంచుకి చెమ్మగిల్లిన పుల్లలతో కూడా పొయ్యి రాజేసింది. నా కడుపున పుట్టిన పిల్లలా పొంగిపోయాను. నాలుగో రోజు పొద్దున్న లాగ్ బుక్కులు చూడటం మొదలుపెట్టారు.

మాకు వచ్చిన ఎగ్జామినర్ రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు. నెమ్మదస్తురాలు, అందరిలా పేజీలు తిరగేసి వదిలేయకుండా ప్రతి వాక్యం చదువుతున్నారు. ఇద్దరు పిల్లల పుస్తకాలు చదివి టిక్కు పెట్టారు. మూడోది దుర్గది. దాన్లో కూడా వృద్ధాశ్రమం పేజీ కనబడేసరికి ఆగారు. పట్టుకోవాలని అడిగిన ప్రశ్న కాదది. ఎగ్జామినర్ గారి అక్క ఒక ఆశ్రమంలో ఉంటారట, ఆ ప్రేమకొద్దీ అడిగారు.

"అక్కడ అవ్వలు ఎంతమంది ఉన్నారమ్మా?"

"తెలీదండి."

"అదేంటి? తలలు దువ్వామని రాశావుగా."

"నేను వెళ్ళలేదండి."

ఆవిడ కళ్ళజోడు తీసి, గుడారం గుంజ పక్కన నిలబడ్డ నా వైపు చూశారు. "ఏంటి మేడం ఇది? కింద మీ సంతకం ఉందే?"

దుర్గ కూడా నా వైపే చూసింది. ఆ చూపులో భయం లేదు. మేడం గారు ఉన్నారు, చెప్తారు అన్న ధీమా ఉంది.

నేను చెప్పాల్సింది ఒక్క మాట: 'రాయించింది నేనండి.' ఆ మాటంటే ఎనిమిది పుస్తకాలూ పోతాయి. ఎనిమిది మంది పిల్లలూ పోతారు. ఆ ఏడుగురి కోసమే నోరు మూసుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ముందు గుర్తొచ్చింది నా పదేళ్ళ పేరే. పిల్లలు ఆ తర్వాతే గుర్తొచ్చారు.

"మిగతా పిల్లలంతా వెళ్ళారండి. ఈ అమ్మాయి ఆ రోజు రాలేదనుకుంటాను. పక్కవాళ్ళది చూసి రాసేసుకున్నట్టుంది. చూసుకోకుండా సంతకం పెట్టేశాను, నాదే పొరపాటండి," అన్నాను. మంచిదాన్ని అనిపించుకోవడానికి ఆ చివరి ముక్క కూడా తగిలించాను.

"నిజమేనామ్మా?" అని ఆవిడ దుర్గనడిగారు.

దుర్గ నన్ను చూసింది. గుడారం బయట వరసలో కూర్చున్న ఏడుగురినీ చూసింది. వాళ్ళలో దాని ప్రాణ స్నేహితురాలు షారోన్ కూడా ఉంది. "అవునండి," అంది. అంతవరకూ ఆ పిల్ల నోటంట నేను అబద్ధం వినలేదు.

ఆవిడ పుస్తకం మూసి చేతికిచ్చారు. "ఇంత పనిమంతురాలివి, నీకెందుకొచ్చింది తల్లీ ఈ బుద్ధి? గైడ్ నమ్మదగినది అన్నదే కదా మన మొదటి నియమం," అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడకి తెలిసినదాన్ని బట్టి అదే న్యాయం.

రైల్లో తిరిగొస్తుంటే షారోన్ ఏడుస్తూనే ఉంది. దుర్గే దాన్ని ఊరుకోబెట్టింది. నేను దగ్గరికి వెళ్ళి, "పోనీలేవే, మళ్ళీ ఏడాది చూద్దాం," అన్నాను. పదో తరగతి పిల్లకి మళ్ళీ ఏడాది ఎక్కడిది? అదీ ఆలోచించకుండానే అన్నాను. "పర్లేదండి," అని అది కిటికీ వైపు తిరిగిపోయింది.

ఏడుగురికీ సర్టిఫికెట్లు వచ్చాయి. అసెంబ్లీలో హెడ్మాస్టరు గారు నన్ను మెచ్చుకున్నారు. దుర్గ కాపీ కొట్టి దొరికిపోయిందని బడంతా చెప్పుకున్నారు. నేను కుక్కిన పేనులా ఉన్నాను. వేసవిలో పాలిటెక్నిక్ సీట్లు ఇచ్చారు. షారోన్‌కి కాకినాడలో వచ్చింది. దుర్గ ఎంట్రన్స్ ర్యాంకుకి అక్కడ రాలేదు. ఎక్కడో దూరపు ప్రైవేటు కాలేజీలో వస్తే వాళ్ళ నాన్న పంపనన్నాడు. టీసీ కోసం బడికి వచ్చిన రోజున ఆ పిల్ల స్టాఫ్ రూము గుమ్మం దాకా కూడా రాకుండా వెళ్ళిపోయింది. అది నేను కిటికీలోంచి చూశాను.

ఆదివారం చర్చి అయ్యాక నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. సత్యవతి కంగారుగా కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. ఎదురింటి కుర్రాణ్ణి కేకేసి కూల్ డ్రింకు తెప్పించింది. దుర్గ కుళాయి దగ్గర గిన్నెలు తోముతూ ఉంది, తలెత్తలేదు.

"మీరు రావడం ఏంటండి మేడం గారూ, మేమే రావాలండి," అంది సత్యవతి. "మొహం చెల్లక రాలేదండి. మా పిల్ల మీ పరువు తీసేసిందంటండి. మేం అబద్ధాలు నేర్పలేదండి దానికి. ఆ సంగతి తెలిసిన రోజు చీపురు తిరగేసి కొట్టానండి. దెబ్బలకి వీపు తట్లు తేలిపోయిందండి. ఎందుకు చేశావే అంటే ఒక్క మాట చెప్పలేదండి."

ఆరు నెలలుగా ఆ పిల్ల సొంత తల్లికి కూడా చెప్పలేదు.

"సత్యవతీ, మీ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదమ్మా," అన్నాను. "ఆ ఆశ్రమానికి ఎవరమూ వెళ్ళలేదు. వెళ్ళినట్టు రాయించింది నేను. రాయనని మీ పిల్ల అంటే తిట్టి రాయించాను. అక్కడ అడిగేసరికి దాని మీదకి తోసేశాను."

సత్యవతికి ముందు అర్థం కాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. కూతురి వైపు తిరిగి, "ఏమే, నిజమేనా?" అంది. దుర్గ తలూపింది. సత్యవతి గుమ్మంలో కూలబడి, ఒళ్ళో పెట్టుకున్న తన చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. చివరికి కూల్ డ్రింకు నా వైపు జరిపి, "తాగండి మేడం గారూ, వేడెక్కిపోద్ది," అంది.

దుర్గ ఆటో దాకా వచ్చింది. "ఆ ఎగ్జామినర్ గారికి ఉత్తరం రాస్తానే. జరిగిందంతా చెప్పేస్తాను," అన్నాను.

"వద్దండి. షారోన్ సీటు పోద్దండి."

"మరి నీ మీద పడ్డ మాట?"

"ఇప్పుడు చెప్తే నాకేం వస్తదండి? ఆ రోజు చెప్తారనుకున్నానండి," అని, ఆటో అబ్బాయికి ఎక్కడ దింపాలో చెప్పి వెనక్కి వెళ్ళిపోయింది.

నేను ఉత్తరం రాయలేదు. రాయడం న్యాయమో, మానడం న్యాయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ తర్వాత ఫెయిర్ చేయించడం మానేశాను. మా పిల్లల లాగ్ బుక్కులు ఖాళీలతోనే వెళ్తున్నాయి, కొందరు తప్పుతున్నారు, తోటి కెప్టెన్లు నన్ను చాదస్తురాలు అంటున్నారు. దీనివల్ల దుర్గకి ఒరిగిందేమీ లేదు. అది ఇంటర్ చదివి, రాజమండ్రిలో డిగ్రీలో చేరింది. బస్సులో కనబడితే నమస్కారం పెట్టి, లేచి సీటిస్తుంది. ఆ సీట్లో కూర్చోవడం నాకు ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను.

నిజం చెప్పడానికి ఒక వేళ ఉంటుందని ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. ఆ వేళ దాటాక చెప్పే నిజం చెప్పినవాళ్ళకే ఊరట. ఆ ఆదివారం నా గుండెల మీద బరువు దించుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. దించుకున్నాను కూడా. ఏ తప్పూ లేని బిడ్డని కొట్టానన్న బాధగా దాన్ని సత్యవతి మీద పెట్టి వచ్చాను.