టైర్లు మార్చే రోజు

అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను ఎయిర్‌పోర్టు దగ్గరి గోడౌన్‌లో పెట్టెలు దించుతున్నాను. మధ్యాహ్నం కునుకు తీసిన మనిషి మళ్ళీ లేవలేదట. ఏడుపు రావాలి. నాకు ముందు భయం వచ్చింది. ఆ నెలంతా షేర్లు పడుతూనే ఉన్నాయి. నా మాట విని ఆయన రిటైర్మెంట్ డబ్బంతా అందులో పెట్టేశారేమో, ఇప్పుడు ఆంటీ గతేమిటి అని. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆయన గురించి రాస్తూ అబద్ధం ఆడలేను.

ఆయన నాకు చుట్టం కాదు. చదువు కోసం కెనడా వచ్చి, మిస్సిసాగాలో మేం అద్దెకు దిగిన బేస్‌మెంట్‌కి పైన ఉండే ఇంటాయన. యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన గుంటూరు మనిషి. పిల్లల్లేరు. కాలేజీలు వచ్చినవాణ్ణల్లా చేర్చుకుంటున్న రోజులవి. ఒక్క బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం పడితే వీధి మలుపు దాకా క్యూ. పని దొరక్క ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి షేర్ల గురించి నేర్చుకున్నాను. నాకు నేనే నేర్చుకున్నానని పొగరు కూడా ఉండేది.

రెండో వేసవిలో కాస్త లాభం కళ్ళజూసి, మెట్లెక్కి పైకి వెళ్ళాను.

"అంకుల్, మీ పైసలు బ్యాంకుల ఊకె పండుకున్నయి. లేపుండ్రి."

"పడుకోనీవయ్యా, నాలాగే ముసలివి అవి."

"మొత్తం షేర్లల్ల పెట్టుండ్రి. పదేండ్లల్ల డబల్ అయితది."

వంటింట్లోంచి ఆంటీ అందుకుంది. "పదేళ్ళ సంగతి తర్వాత. నాకు నెలనెలా బియ్యం కావాలి. అది గుర్తుపెట్టుకుని మాట్లాడుకోండి ఇద్దరూ."

అంకుల్ నవ్వి, "సరేలే, వచ్చే వారం బ్యాంకుకెళ్తా" అన్నారు. వెళ్ళారు కూడా. ఏం చేసొచ్చారో నాకు చెప్పలేదు.

చలి మొదలయ్యేలోపు నేను జనవరిలో కట్టాల్సిన ఫీజు డబ్బు తీసుకెళ్ళి ఒకే కంపెనీ షేర్లలో పెట్టాను. సగానికి పైగా పోయింది.

ఏటా నవంబరు మొదటి ఆదివారం అంకుల్ తన కారుకి మంచు మీద జారని చలికాలపు టైర్లు వేసేవారు. మంచు ఉన్నా లేకపోయినా సరే. ఆ ఏడాది చొక్కా ఒక్కటే వేసుకుని తిరిగేంత వెచ్చగా ఉంది. పక్కింటివాళ్ళు చూసి నవ్వుకున్నారు. నేను జాక్ తిప్పుతున్నాను. విప్పిన ప్రతి టైరు మీదా ఆయన సుద్దముక్కతో 'ముందు ఎడమ', 'వెనక కుడి' అని తెలుగులో రాసేవారు, ఏప్రిల్‌లో ఎక్కడిది అక్కడే బిగించడానికి.

"తెలుగులో రాస్తే ఎవడికి అర్థమవుతుందండీ?" అంది ఆంటీ.

"ఎవడితో పనేంటి, మార్చేది నేనేగా."

ఆ వేళే ఫీజు సంగతి బయటపెట్టాను. తిడతారనుకున్నాను.

"ఎప్పుడు కట్టాలి?" అన్నారు.

"జనవరిల."

"జనవరిలో కట్టాల్సిన డబ్బుకి అక్కడేం పనయ్యా?"

ఆయన నట్టు బిగిస్తూ, "రోడ్డు ఎప్పుడు జారుతుందో నాకు తెలీదు. టైర్లు ఏ రోజు మార్చాలో మాత్రం నా చేతిలో ఉంది" అన్నారు.

"మరి మీ పైసలు..." అని మొదలుపెట్టాను.

"ఆ నట్టు ఇలా అందుకో" అన్నారు. మళ్ళీ అడిగే మొహం నాకు లేకపోయింది. డబుల్ షిఫ్టులు చేసి, ఆలస్యంగా, జరిమానాతో ఆ ఫీజు కట్టాను.

సరిగ్గా ఏడాదికి, టైర్లు మార్చిన పదో రోజున ఆయన పోయారు.

కర్మలు అయ్యాక ఆంటీ ఒక ఫైలు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"ఇన్ని రోజుల్నుంచీ దొంగలా తిరుగుతున్నావు. ఇదిగో, కళ్ళారా చూసుకో."

అందులో ఐదు డిపాజిట్ల కాగితాలు ఉన్నాయి. మేం వీసా కోసం ఇక్కడి బ్యాంకులో కట్టి వచ్చిన జీఐసీ అనే గడువు డిపాజిట్ లాంటివే. ఏటా నవంబరులో ఒకటి చేతికొస్తుంది. ప్రభుత్వ పెన్షన్‌కి అది తోడైతే ఏడాది ఇల్లు గడుస్తుంది. టైర్లు మార్చిన మర్నాడు బ్యాంకుకి వెళ్ళి, వాడేసిన ఏడాదికి బదులు వరస చివర ఐదేళ్ళ గడువుతో ఇంకో డిపాజిట్ చేర్చి వచ్చేవారట. మిగిలిందే షేర్లలో ఉంది, అదీ వందల కంపెనీలు కలిసిన ఫండ్‌లో. అది బాగానే పడిపోయింది.

"నువ్వు చెప్పావని ఆ వేసవిలో ఇంకొంచెం వేశారు" అంది ఆంటీ. "పడితే పడనీరా. ఐదేళ్ళ దాకా దాని మొహం చూడక్కర్లేదు నేను."

భయం తీరింది. ఏడుపు అప్పుడొచ్చింది నాకు. అంకుల్ కోసం నేను సరిగ్గా ఏడ్చింది ఆ రోజే.

ముసలితనంలో తినాల్సిన డబ్బు షేర్లలో పెట్టొచ్చా అని గోడౌన్‌లో తోటివాళ్ళు అడుగుతుంటారు. ఏజెన్సీ కింద గంటల లెక్కన పనిచేసే మాకు కంపెనీ పెన్షన్ ఎవడిస్తాడు? డబ్బు ఊరికే దాచితే పెరిగే ధరలు తినేస్తాయి. అందుకే అసలు వద్దనడానికి నాకు నోరు రాదు. మొత్తం పెట్టమనేవాణ్ణి చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. 'ఓపిక పట్టండి, మళ్ళీ లేస్తుంది' అంటాడు. లేస్తుందేమో. వాడికి నెల తిరిగేసరికి జీతం పడుతుంది, ఎంత ఓపికైనా పడతాడు. ఆంటీకి బియ్యం వచ్చే నెలే కావాలి. నేను చూసిన అన్ని వీడియోల్లో ఒక్కడైనా, ఈ డబ్బు నీకు ఎప్పుడు కావాలి అని అడగలేదు. అంకుల్ మొట్టమొదట అడిగిందే అది.

నిన్న మొదటి మంచు పడింది. ఆంటీ కారు తీసుకుని కూరగాయలకి వెళ్ళింది, మలుపులో ఎక్కడా జారకుండా. నేను పార కోసం గరాజ్‌లోకి వెళ్ళాను. మూలన నాలుగు వేసవి టైర్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అన్నిటికన్నా పైదాని మీద 'వెనక కుడి' అని ఉంది. ఈ వీధిలో టైరు బిగించడం వచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళలో ఆ అక్షరాలు కూడా చదవగలిగినవాణ్ణి నేనే. సుద్ద చెరిగిపోకుండా పాత దుప్పటి ఒకటి కప్పి, పార తీసుకుని బయటికొచ్చాను.