వదిలొచ్చిన కాలేజీలో మూడో ఏడు

నేను డిగ్రీ రెండు కాలేజీల్లో చదివాను. రెండింటిలోనూ నన్ను ఇష్టపడ్డవాళ్లు లేరు. నాకూ వాళ్ల మీద ప్రేమేం లేదు.

మొదటిది గాజువాకలో, మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. రెండో ఏడు మొదట్లో ఒక మధ్యాహ్నం కెమిస్ట్రీ ల్యాబ్‌లో నా స్నేహితురాలి కుడిచేతి మీద యాసిడ్ ఒలికింది. దాన్ని సింకు దగ్గరికి లాక్కెళ్లి కుళాయి తిప్పాను. నీళ్లు రాలేదు. పక్కదాంట్లోనూ రాలేదు. వరండాలో ఉన్న తాగేనీళ్ల డ్రమ్ము దాకా ఈడ్చుకెళ్లేసరికి చర్మం తెల్లగా పాలిపోయింది.

మర్నాడు ప్రిన్సిపాల్ మా ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చాడు. ఆటలాడుతుంటే జరిగింది, తప్పు మాదే అని రాయమన్నాడు. నా స్నేహితురాలు అలాగే రాసి, ఎడమచేత్తో సంతకం పెట్టేసింది. నేను 'కుళాయిల్లో నీళ్లు లేవు' అని రాసి, ఒక కాపీ యూనివర్సిటీకి కూడా పంపాను.

తనిఖీకి ఎవరో వచ్చారు. ల్యాబ్ నెల రోజులు మూతపడింది. ప్రాక్టికల్స్ వెనకబడ్డాయని క్లాసంతా నన్నే తిట్టుకుంది. నా స్నేహితురాలు బెంచీ మార్చుకుంది. సెమిస్టర్ అయ్యాక టీసీ తీసుకుని విజయనగరంలో చేరాను.

అక్కడ మొదటిరోజే కెమిస్ట్రీ మాస్టారు, "నువ్వేనా కంప్లైంటు పిల్లవి? మా కుళాయిలు బాగానే ఉన్నాయమ్మా, ఓసారి తిప్పి చూసుకో," అని క్లాసంతా నవ్వించాడు. పొద్దున్న ఐదున్నరకి బస్సెక్కితే రాత్రి ఏడున్నరకి ఇంటికి చేరేదాన్ని. ఆ సెమిస్టరంతా నిలబడే ప్రయాణం చేశాను.

మూడో ఏటికి ముందు మళ్లీ బదిలీలకు అవకాశం వచ్చింది. పాత కాలేజీకే తిరిగి వెళ్తానని ఇంట్లో అనగానే, అప్పుడే పోర్టు డ్యూటీ నుంచి వచ్చిన నాన్న చెప్పులు గుమ్మంలోకి విసిరికొట్టాడు.

"ఉమ్మేసొచ్చిన సోటికి మళ్లీ ఎల్తానంతావా? సిగ్గు నేదేటే నీకు?"

"ఉమ్మింది ఆల్లు నాన్నా, నాను కాదు."

"మాటకి మాట సెప్పకు. నాను మాత్రం ఆ ప్రిన్సిపాల్ కాడికి రాను."

సగం మనసు నాకూ వద్దనే అంది. ఆ మొహాలు మళ్లీ రోజూ చూడాలి. ఇంతలో నా స్నేహితురాలు ఫోన్ చేసింది, ఎనిమిది నెలల తర్వాత. బస్టాపు దగ్గర కలిశాం. చున్నీ కుడిచేతికి చుట్టుకుని నిలబడింది. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"నువ్వొత్తన్నావంట కదా. రావద్దు."

"ఎందుకే?"

"నువ్వొత్తే మళ్లీ అందరూ నా సెయ్యే సూత్తారు. నా మానాన నాను సదువుకుంతన్నాను."

"నీకోసమే కదే నాను రాసింది."

"నాను రాయమన్నానా? కాలింది నా సెయ్యి. నన్నో మాటడిగేవా?"

అడగలేదు. నిజమే. కానీ ఆ నిజం వినగానే నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. అప్పటిదాకా ఊగిసలాడుతున్నదాన్ని, మర్నాడే దరఖాస్తు పెట్టాను. ఇల్లు దగ్గరని, చదువు బాగుంటుందని అందరికీ చెప్పాను. అసలు కారణం పంతం.

ప్రిన్సిపాల్ దరఖాస్తు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పొరపాటు పడ్డానని ఒక్క ముక్క రాసివ్వు. సీటు నీదే."

"రాయను సార్."

"మరెందుకొచ్చావ్?"

"చదువుకోడానికి. సీట్లు ఖాళీ ఉన్నాయని గేటుకి మీరే బ్యానర్ కట్టారు."

రెండు వారాలు తిప్పించుకున్నాడు. రోజూ వెళ్లి ఆయన గది బయట కూర్చున్నాను. ఆ ఏడు మా గ్రూపులో పిల్లలు తక్కువయ్యారు కాబట్టి చివరికి సంతకం పెట్టాడు. కాగితాన్ని బల్ల మీద నుంచి తోసేశాడు. అది కింద పడింది. వంగి తీసుకున్నాను.

ఆ ఏడాది క్లాసులో నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరిద్దరు చేసే ప్రయోగాలు ఒక్కదాన్నే చేశాను. నా స్నేహితురాలు ముందు బెంచీలో కూర్చునేది, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. దాన్ని క్షమాపణ అడగాలని రెండుమూడుసార్లు అనుకున్నాను. అడగలేదు. ఫస్టుక్లాసులో పాసయ్యాను.

ఆఖరి పరీక్ష రాసి బయటికొస్తే అందరూ గేటు దగ్గర ఫోటోలు దిగుతున్నారు. ఒకమ్మాయి నన్ను పిలిచింది. ఏడాదిలో నన్నెవరైనా పిలవడం అదే మొదలు. దగ్గరికి వెళ్తే, తన ఫోన్ నా చేతిలో పెట్టి, "కొంచెం తీసిపెట్టవా, అందరం పడాలి," అంది.

నాలుగు తీశాను. ఫోన్ ఇచ్చేసి ఇంటికి నడిచాను.