ఆటోమేటిక్ కారును తోసిన శుక్రవారం

కువైట్‌లో మూలపడిన అమెరికా కారు ఏదైనా సరే, నేను బానెట్ మీద చెయ్యి వేస్తే చాలు, గుర్రుమని లేస్తుంది. సల్వాలో నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ ఇంటి వెనక, వాళ్ల నాయన, మేమంతా బాబా అని పిలిచే ముసలాయన, పడుచు వయసులో తోలిన ఎర్ర కారు ఒకటి ఇరవై ఏళ్లుగా గుడ్డ కప్పుకొని పడుంటే, ఈ రెండు చేతులతోనే బతికించినాను. రెండే తలుపులు, మంచమంత బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజన్.

సరే, చేతులు నావే. అవి పట్టుకున్నది మాత్రం టార్చిలైటు. ఇంజన్ విప్పి, ఎలుకలు కొరికిన వైర్లు మార్చి, కార్బురేటర్ కడిగింది షువైఖ్ గ్యారేజీ నుంచి వచ్చిన హైదరాబాద్ భాయి. నేను నట్లు కడిగినాను, బంపరు తోమినాను, చాయ్ పోసినాను.

పోతా పోతా భాయి, "చాచా, ట్యాంకీలో పాత పెట్రోలు మొత్తం తీసెయ్. జిగురైపోయి ఉంటది. తీసినంకనే కొత్తది పొయ్యి" అన్నాడు. తలూపినాను. ముప్పై ఏళ్లు బండ్లు తోలినోడికి పెట్రోలు సంగతి చెప్తాండాడే అని లోపల నవ్వుకొని, పాతదాని మీదనే కొత్తది పోసినాను.

ఆ నెలలోనే నా ఇఖామా, అదే ఇక్కడ ఉండేదానికి ఇచ్చే పర్మిట్, అయిపోతుంది. కఫీల్ నా తెల్ల గడ్డం వైపు చూసి, "శుక్రవారం బాబా ఆ కారులో షర్క్ చేపల మార్కెట్‌కి పోవాల. తీసుకుపోతే ఇంకో రెండేళ్లు ఉండు. లేదంటే ఖలాస్, మీ ఊరికి పో" అన్నాడు. నవ్వుతానే అన్నాడు. కఫీల్ నవ్వుతా అన్న మాటకు విమానం ఎక్కినోళ్లను నేను చూసినాను.

శుక్రవారం పొద్దున బాబాను ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పినాను. బండి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. తిప్పంగా తిప్పంగా బ్యాటరీ కూడా దిగిపోయింది. లారీ రోజుల్లో రాయచోటిలో ఇట్లయితే ఏం చేసేవాళ్లం? తోసేవాళ్లం. పక్కిండ్ల డ్రైవర్లను కేకేసినాను. అంతా కడప పక్కోళ్లే, ఆరుగురు వచ్చినారు.

"యల్లా, తోయండప్పా."

తోసినారు. గేరు వేసినాను. ఏమీ కాలేదు. మళ్లీ తోసినారు. వీధి చివర దాకా పోయి, తిరిగి మా గేటు దాకా వచ్చినాం. బాబా అద్దం దించుకొని ఎదురింటోళ్లకు చెయ్యి ఊపుతా ఉన్నాడు. ఆయన లెక్కలో బండి నడుస్తానే ఉంది.

"దీంట్లో పెట్రోలు పోసినావా, మా చెమటతోనే తోలుదామనుకున్నావా మామా?" అన్నాడు వెనక తోసేవాళ్లలో ఒకడు.

గేటు దగ్గర కఫీల్ నిలబడి చూస్తా ఉన్నాడు. "ఇది ఆటోమేటిక్. తోస్తే స్టార్ట్ అవుతుందని నీకెవరు చెప్పినారు?"

ఇరవై ఏళ్లుగా నేను తోలేది ఆటోమేటిక్ బండ్లే. క్లచ్ లేదని కాలికి తెలుసు, తలకే తట్టలేదు. తోసిన ఆరుగురూ డ్రైవర్లే, ఒక్కడికీ తట్టలేదు.

భాయిని పిలిపించినాం. ట్యాంకీ మూత తీసి వాసన చూసి, నా మొహం చూసినాడు. అది కడిగి, కొత్త పెట్రోలు పోసి, బ్యాటరీ ఎక్కిస్తే మధ్యాహ్నానికి బండి గర్జించింది. బాబా చేపల మార్కెట్‌కి పోయినాడు. తోలింది కఫీల్. నేను వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాను.

ఆ వారంలోనే కఫీల్ నా ఇఖామా ఇంకో రెండేళ్లకు కొట్టించినాడు. బాగు చేసింది ఎవరైనా కానీ, ఆ కారు వల్లే నేనింకా కువైట్‌లో ఉన్నానని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇదంతా రాసి వంటింట్లో చదివి వినిపిస్తే, ఆ ఇంట్లో వంట చేసే మా రాయచోటి ఆమె ఎర్రగడ్డలు తరిగేది ఆపకుండానే అనింది:

"కారు వల్ల కాదులేన్నా. నువ్విస్తే తప్ప బాబా మాత్రలు మింగడని మామా, అదే ఇంటి మేడమ్, చెప్తే కొట్టిచ్చినాడు. నిన్ను ఆ కారు దగ్గరికి మాత్రం పోనియ్యద్దనింది."