యుమ్మా చెప్పిన లగ్గం

అరబ్బుల దేశంలో, జాబ్రియాలో, నాకు వీసా ఇచ్చి పెట్టుకున్న మా కఫీల్ ఇంట్లో నేను డ్రైవర్ని. పదేళ్లయింది. నాకు వచ్చినంత అరబ్బీ మా జగిత్యాల వైపు ఇంకెవడికీ రాదని కోతలు కోసేవాణ్ణి. ఆ కోతలన్నీ ఒక్క మధ్యాహ్నంతో మట్టిగొట్టుకుపోయాయి.

కఫీల్ తల్లిని ఇంట్లో అందరూ యుమ్మా అంటారు, మేమూ అంతే. ఆమెకు మతిమరుపు. చలి తగ్గి ఎండ ముదరక ముందు, ఏడాదికోసారి ఆమెను పుట్టిన పల్లెకు తీసుకెళ్లడం ఆ ఇంటి ఆనవాయితీ. పల్లె అంటే ఎడారిలో ఎనిమిదో తొమ్మిదో ఇళ్లు, ఒక్కదానికీ పైకప్పు లేదు. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఖాళీ అయిందట, మళ్లీ ఎవరూ దీపం పెట్టలేదు. గోడల నిండా తూటాల బొక్కలు. గాలి వీస్తే ఆ బొక్కల్లోంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది. చెవి ఒగ్గి వింటే ఏ పేరూ ఉండేది కాదు.

ఆ ఏడు కఫీల్‌కు ఏదో పని పడి, యుమ్మాను, ఆమెను చూసుకునే రాయచోటి అక్కను నాతోనే పంపాడు. చాప పరిచి ఫ్లాస్కులోంచి చాయ్ పోశాం. యుమ్మా ముట్టలేదు. చివరి ఇంటి అవతల ఉన్న చదును నేలను చేతికర్రతో చూపించి, "లగమ్" అంది.

నాకు నవ్వొచ్చింది. "అక్కా, ముసలామెకు లగ్గం యాదికొచ్చింది!"

"లగ్గమంటే?"

"పెండ్లి. మేం గట్లనే అంటం. వీళ్లు గూడ అంటరేమో."

"అఖూయ్," అంది యుమ్మా, కర్ర దించకుండా. అంటే తోడబుట్టినవాడు. అతని పెళ్లి అక్కడే జరిగిందన్నమాట. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతుంటే సంతోషమనుకున్నాను. వాళ్ల పద్ధతిలో శుభాకాంక్షలు చెప్పాలి కదా అని, "మబ్రూక్ యుమ్మా, మబ్రూక్!" అన్నాను గొంతు పెంచి. ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు నచ్చక ముఖం తిప్పుకున్నాను.

అప్పుడే అక్క కేక వేసింది. "అబ్బా, ఎంత ఉడుమురా నాయనా!"

ఆ చదును నేల మధ్య, బొరియ ముందు, తోక నిండా ముళ్లతో ఒకటి ఎండ కాచుకుంటోంది. ఇక్కడివాళ్లు దాన్ని దబ్ అంటారు. తల ఎత్తి మా వైపే చూస్తోంది, కదలడం లేదు.

"మా పిల్లోనికి ఫోటో పంపిస్తా," అని ఫోన్ తీసుకుని లేచిన అక్క మళ్లీ ఆగింది. "ఎవురో మనల్ని సూస్తాన్నట్లుంది తమ్ముడూ. నాకు భయమైతాంది."

"లగ్గమైన జాగల దయ్యాలుంటయా? పో అక్కా!" అని నేనే తోలాను.

ముప్పై అడుగులు వేసి ఉంటుంది. నా వెనక యుమ్మా అరిచింది. పదేళ్లలో ఆ గొంతు నేను వినలేదు. "లా! లా! లగమ్!" వద్దు, వద్దంటూ చేతికర్రతో తన పాదం మీదే కొట్టుకుంది. రెండు చేతులూ పైకి విసిరి, "బూమ్" అంది.

పెళ్లి కాదు. మందుపాతర.

"అక్కా, ఆగు! కాలు కదపకు!" అని అరిచాను. "కింద బాంబు ఉన్నదట! నీ అడుగులల్లనే కాలు పెట్టుకుంట ఎనక్కి రా!"

అక్క ఏడుపు అందుకుంది. "అడుగులు కనపల్లేదురా, ఇసక కప్పేస్తాంది!"

గాలి లేచింది. యుద్ధం తర్వాత అంతా ఏరేశారని, అయినా వానలకు ఇసుక జరిగి ఎక్కడో ఒకటి తేలుతూనే ఉంటుందని ఎన్నిసార్లు వినలేదు నేను! ఎదురు వెళ్లి చేయి అందిద్దామనుకున్నాను. కాళ్లు రాలేదు. సిగ్గుచేటే, అయినా నిజం. యుమ్మాయే దేక్కుంటూ ఆ నేల అంచుదాకా వెళ్లి, కూర్చుని, కర్ర ముందుకు చాచింది. దబ్ మాత్రం అక్క కాళ్ల ముందునుంచే తీరిగ్గా నడిచి బొరియలోకి దిగిపోయింది. దాని బరువుకు ఏమీ కాదు.

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చివరికి అక్క చేతికి కర్ర కొస అందింది, వచ్చి యుమ్మా పక్కన కూలబడింది. యుమ్మా ఆమె చెప్పులు విప్పి, రెండు పాదాలూ ఒళ్లో పెట్టుకుని, పది వేళ్లూ ఒక్కొక్కటే తడిమి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మబ్రూక్," అంది.