తెరచాపల అంచు

మా మగ్గానికి అట్టల పెట్టె బిగించిన ఏడు, నాయన నన్ను ఒక అంచు బొమ్మ గీయమన్నాడు. అంతకుముందు మేము నేసినవి ఉత్త గీతల అంచులే. పెట్టెలో చిల్లుల అట్ట తిరిగినప్పుడల్లా కొన్ని కొక్కేలు లేచి పోగులను లేపుతాయి. వాటి కింద జరీ పోయి బొమ్మ పడుతుంది. ఏ బొమ్మ పడాలన్నది అట్టల్లోనే ఉంటుంది. ఆ అట్టలు మద్రాసులో సిద్ధంగా అమ్ముతారు. లేదంటే సొంత బొమ్మ గీసి, దాని ప్రకారం వెంకటగిరిలో అట్టలకు చిల్లులు కొట్టించుకోవాలి.

నేను కాలవలో వచ్చే పడవల తెరచాపలు గీశాను. ఒకటి గాలికి వంగితే, దాని వెనకది నిటారుగా. గ్రాఫు కాగితం మీద గడికొక పోగు చొప్పున, వానలు పడినన్నాళ్లూ గీశాను. నలుగురిలో నోరు విప్పలేని నాకు, ఎవరో తెలియని మనిషి నా బొమ్మను కట్టుకుని నడుస్తుందన్న తలపు ఎంతో తీపిగా ఉండేది.

నాయన వెంకటగిరికి బయలుదేరాల్సిన వారంలోనే, మద్రాసులో చీరలమ్మే మా మామ కావలిలో రైలు దిగి, అట్టల మోపుతో వచ్చాడు.

"బావా, చిలకల అంచు. ఈ పొద్దు కట్టు, రేపటికి నేస్తా ఉంటావు. అంగట్లో ఈ చీరలు ఒక్క పూట నిలవడంలా."

"పాప గీసింది ఉండాది గదరా."

"బాగనే ఉండాది. అది కొట్టించి, సరిచేసి, నేసేలోపల పెళ్ళిళ్ళు అయిపోతాయి. అమ్ముడుపోతాదని ఎవురు చెప్పినారు?"

నేను తలుపు పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పేజీ తిప్పలేదు.

నాయన అట్టలు కట్టి జానెడు నేసి చూశాడు. చిలకలకు ముక్కుల్లేవు. ఆ అట్టలు పెద్ద పెట్టె కోసం కొట్టినవి. మా పెట్టెలో కొక్కేలు తక్కువ కావడంతో బొమ్మ చివర తెగిపోయింది.

"ఏమిరా," అంది అమ్మ తన తమ్ముడితో, "పాపం, ఇవి జామకాయ ఎట్టా తింటాయి?"

"పెళ్ళికి పొయ్యేవాళ్ళు చిలక ముక్కు చూస్తారా అక్కా?"

"సరే, నీకు పిల్లను చూసేటప్పుడు మేమూ ముక్కు చూడంలే."

అందరితోపాటు నేనూ నవ్వాను. నా తెరచాపలే మగ్గం ఎక్కుతాయని ఆ పూటంతా నమ్మాను.

సాయంత్రం నాయన పిలిచాడు. "పాపా, దీని తల ఎనక్కి తిప్పి గీస్తావా? ముక్కు లోపలికి వస్తాది. కొన్ని అట్టలు మారిస్తే చాలు, ఇంట్లోనే కొట్టుకుందాం."

గీయగలనని చూడగానే తెలిసింది. చేతకాదంటే సరిపోయేది. ఆ మాట నోటికి రాలేదు. గీసిచ్చాను.

చీరలు బాగా అమ్ముడుపోయాయి. వెనక్కి చూసే చిలకలే కావాలంటున్నారని మామ వచ్చి చెప్పాడు. అమ్మ ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకుంది. నాకూ సంతోషమే. కానీ నేను కోరుకున్నది చిలకలను కాదు.

మరుసటి ఏడు ధైర్యం చేసి అడిగాను. "నాయనా, నా అంచు?"

నాయన నేత ఆపాడు. "బాగుండాది పాపా. మనకుండేది ఒక మగ్గమే గదా."

అది నిజమే. నిజం కాబట్టే మళ్ళీ అడగలేకపోయాను.

ఆదివారం చర్చిలో ప్రార్థనకు తలలు వంచినప్పుడు, నా ముందు చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ అంచుల మీదికే నా చూపు పోతుంది. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళతాను. నా తెరచాపల అంచు ఎవరి ఒంటి మీదా ఉండదని తెలుసు. అయినా వరుస చివరిదాకా వెతకందే కళ్ళు మూసుకోలేను.